మధుమేహము – పీచుగల ఆహారము

క్రిందటి దీపావళికి ముందు మన సంఘ సభ్యులలో నొక పెద్దయ్య ఎరువుల బస్తాల కొఱకు గిడ్డంగికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, చెప్పు విడిచి మాకు తమ పాదమును చూపిరి. బొటనవ్రేలి క్రింద రూపాయి బిళ్లంత పుండు. నాట్ల దినములలో ముల్లు గ్రుచ్చుకొన్నదట. నొప్పియే తెలియలేదట. రెండు నెలలు గడచినను అది మానలేదు. "పైరుకు తెగులు సోకినప్పుడెల్ల మీకే చూపుచున్నాము గదా బాబూ! ఇది యే తెగులో చెప్పుడు" అని ఆయన నవ్వుచు అడిగిరి.

మేము వైద్యులము కాము. అయినను, నొప్పి తెలియని పుండు మంచిది కాదని యెఱుగుదుము. ఆయనను వెంటబెట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయితిమి. రక్తము పరీక్షింపగా మధుమేహము బాగుగా ముదిరియున్నదని తేలినది. ఎన్నియేండ్లనుండి యున్నదో ఎవరికిని తెలియదు. తుదకు ఒక వ్రేలు పోయినది; కాలు దక్కినది.

ఆసుపత్రిలో పరుండి ఆయన యొక మాట అనిరి: "మా నాయన జొన్నసంగటియు ఉలవచారును తిని డెబ్బదియేండ్లు నాగలి పట్టెను. నేను సన్నబియ్యము తిని ఇట్లు పడియున్నాను." ఆ మాట మాకు ముల్లువలె నాటుకొన్నది. ఏలయన, పదునైదేండ్ల క్రిందట ఆయన చేనిలో బోరు పడినప్పుడు, జొన్నయు కొఱ్ఱయు మాన్పించి వరి ప్రదర్శన క్షేత్రమును వేయించినవారము మేమే. అందులో తప్పు లేదు. వరి ఆయన అప్పు తీర్చినది, పిల్లలను చదివించినది. కాని గింజ మాఱినపుడు కంచము మాఱునని, కంచము మాఱినపుడు ఒళ్లు మాఱునని ఆనాడు మేము చెప్పలేదు. ఆ లోపమును కొంతయైన తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

వ్యాధి స్వరూపము

మనము తినిన అన్నము కడుపులో గ్లూకోసు అను చక్కెరగా మాఱి రక్తములో చేరును. క్లోమమునుండి పుట్టు ఇన్సులిన్ అను రసము ఆ చక్కెరను కండరములలోనికి పంపును. కాలువ నిండ నీరున్నను తూము తెఱువనిచో మడి యెండును గదా! మధుమేహములో జరుగునదియు నట్టిదే. రక్తమను కాలువలో చక్కెర పొంగుచుండును. కండరమను మడికి అది ఎక్కదు. పొంగిన చక్కెర యేండ్ల తరబడి సన్నని రక్తనాళములను, నరములను కొఱికి, కన్నులను మూత్రపిండములను పాదములను చెఱచును. పెద్దయ్యకు ముల్లు నొప్పి తెలియకపోవుటకు ఇదియే కారణము.

ఈ వ్యాధి ముఖ్యముగా రెండు విధములు. ఒకదానిలో ఇన్సులిన్ దాదాపుగా పుట్టదు. ఇది తఱుచుగా పిన్నవయస్సులోనే వచ్చును. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అను వారు ఇన్సులిన్‌ను వేఱుచేయువఱకు ఇట్టి బిడ్డలు బ్రతుకుట అరుదు. నేటికిని వారికి ఇన్సులినే ప్రాణము. రెండవ దానిలో ఇన్సులిన్ పుట్టుచున్నను చాలదు, లేక శరీరము దానిమాట వినదు. పెద్దలలో మిక్కిలిగా కనబడునది ఇదియే. ఈ వ్యాసము ముఖ్యముగా దీనిని గుఱించినదే.

ఇది పట్టణవాసుల జబ్బు, చెమటోడ్చు రైతునకు రాదు అను నమ్మకము మన పల్లెలలో నింకను కలదు. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతట చేసిన పరీక్షల ఫలితములు 2023లో వెలువడినవి. దేశమునందు 10 కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి యున్నదనియు, 20 ఏండ్లు నిండినవారిలో పట్టణములందు నూటికి 16 మందికిని, పల్లెలందు నూటికి దాదాపు 9 మందికిని సోకినదనియు వారు తేల్చిరి. మన సంఘపు సభ్యుల పట్టీని ఎదుట నుంచుకొని ఈ లెక్క వేసికొనినచో, ఎన్ని యిండ్లలో ఈ శత్రువు దాగియుండునో బోధపడును.

పీచు అనగా నేమి?

గింజల పైపొరలలోను, పప్పుల పొట్టులోను, ఆకుల యీనెలలోను, కాయల కండలోను ఉండి, మన కడుపులోని రసములకు అఱగని భాగమే పీచు. అఱగని దానివలన ప్రయోజన మేమి యని యడుగవచ్చును. అఱగకపోవుటయే దాని ప్రయోజనము.

పీచు రెండు తెగలు. మొదటిది నీటిలో కలసి జిగురగునది. మెంతులు నానబెట్టినపుడు వ్రేళ్లకు అంటుకొను జిగురు, బెండకాయ కోసినపుడు సాగు జిగురు ఇట్టివే. ఇది కడుపులో అన్నముతో కలసి దానిని చిక్కపఱచును. అందువలన అన్నము చిన్నప్రేవులోనికి మెల్లగా దిగును. చక్కెర మెల్లగా రక్తములో చేరును. రెండవది నీటిలో కలియనిది. గోధుమ తవుడు, జొన్న పైపొర యిట్టివి. ఇది మలమునకు పరిమాణము కలిగించి మలబద్ధమును పోగొట్టును. పెద్దప్రేవులలోని సూక్ష్మజీవులు పీచులో కొంత భాగమును పులియబెట్టి, శరీరమునకు మేలుచేయు ఆమ్లములను పుట్టించును. మన పేడదిబ్బలో జరుగు పని వంటిదే యిది.

రైతునకు దీనిని వివరింప పెద్ద శాస్త్రము అక్కఱలేదు. ఒకే వర్షము రెండు వాలు నేలలపై కురిసినదనుకొందము. బోడినేలపై పడిన నీరు ఒక్కపెట్టున దిగువకు ఉఱికి గట్టు తెంచును. గడ్డి నాటిన నేలపై పడిన నీరు మెల్లగా జాఱును, గట్టు నిలుచును. తెల్లగా మెఱుగుపట్టిన బియ్యము బోడినేల. పీచుగల గింజ గడ్డినేల. తినిన పిండిపదార్థము సమానమే యైనను, రక్తములో చక్కెర యెక్కు వేగము వేఱు.

పరిశోధకులు కనుగొన్నది

తూర్పు ఆఫ్రికాలో చాలకాలము పనిచేసిన ట్రోవెల్, బర్కిటు అను వైద్యులు, పీచు ఎక్కువగా తిను అచ్చటి పల్లెవారిలో మధుమేహము మొదలగు కొన్ని వ్యాధులు అరుదుగా నుండుట గమనించి, 1970 తరువాతి యేండ్లలో లోకమునకు తెలిపిరి. అది చూపువలన కలిగిన యూహ మాత్రమే; ప్రదర్శన క్షేత్రము వేయక ఫలితమును నమ్మరాదు గదా! ఆ ప్రదర్శనమును ఇతరులు చేసిరి.

1976లో జెంకిన్సు అను వైద్యుడును ఆయన సహచరులును మధుమేహ రోగుల ఆహారములో గోరుచిక్కుడు గింజల జిగురును, పెక్టిన్ అను పండ్ల జిగురును కలిపి పెట్టగా, భోజనానంతరము రక్తములో చక్కెర తక్కువగా ఎక్కినది. మనము గట్టున నాటి కూర వండుకొను గోరుచిక్కుడు వైద్యపత్రికల కెక్కుట సంతోషకరము. అయితే వారు వాడినది ముదిరిన గింజలనుండి తీసిన జిగురనియు, లేతకాయల కూర అంత బలమైనది కాదనియు గుర్తింపవలెను. 1979లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున ఆండర్సన్ అను వైద్యుడు, ఇన్సులిన్ తీసికొనుచున్నవారికి పప్పులు, పొట్టుతీయని ధాన్యములు మిక్కిలిగా గల ఆహారము పెట్టి, వారిలో పలువురికి ఇన్సులిన్ అవసరము తగ్గుట చూపెను.

2000లో అమెరికాలోని డల్లాసు నగర పరిశోధకులు వెలువరించిన ఫలితము ఇంకను స్పష్టమైనది. 13 మంది రోగులకు ఆఱు వారములు దినమునకు 24 గ్రాముల పీచుగల ఆహారమును, మఱి యాఱు వారములు 50 గ్రాముల పీచుగల ఆహారమును పెట్టిరి. మందుపొడి యేదియు కలుపలేదు; కాయలు, పండ్లు, గింజలే. 50 గ్రాముల పీచు తినిన కాలములో దినమంతటి రక్తపు చక్కెర సుమారు నూటికి పది పాళ్లు తగ్గినది. రక్తములోని క్రొవ్వును తగ్గినది. నూటికి పది యన్న కొంచెమే యని తలపవద్దు. ఏటేట నూటికి పది పాళ్ల పంటనష్టము తప్పించు విత్తనము దొరకినచో మనము వదలుదుమా?

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారును మెంతులపై పరిశోధనలు చేసి 1990లో ఫలితములు ప్రకటించిరి. ఇన్సులిన్ తీసికొనుచున్న రోగులకు చేదును నూనెను తీసిన మెంతిపిండి దినమునకు 100 గ్రాముల చొప్పున ఇయ్యగా, రక్తములో చక్కెరయు మూత్రములో పోవు చక్కెరయు తగ్గినవి. 100 గ్రాములు వైద్యుల కనుసన్నలలో చేసిన పరీక్ష. ఇంటిలో దానిని అనుకరింపరాదు. చెంచాడు రెండు చెంచాల మెంతులు నానబెట్టి కూరలోనో మజ్జిగలోనో వాడుకొనుట చాలును.

మర యేమి తీసివేయుచున్నది?

పై సంస్థ చరిత్రయే మనకొక పాఠము. 1918లో మెకారిసన్ అను వైద్యుడు కూనూరులో బెరిబెరి వ్యాధిని విచారించుటకై ప్రారంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఉత్తర సర్కారు జిల్లాలలో మెఱుగుపట్టిన పచ్చిబియ్యము తినువారిని బెరిబెరి పీడించెడిది. తవుడుతో పాటు ఒక విటమిను పోవుటయే దానికి కారణము. అది విటమిను కథ, ఇది పీచు కథ; రెండును వేఱు. కాని రెంటిలోను దొంగ ఒక్కడే: గింజ పైపొరను గీకి పశువులకు పెట్టి, తెల్లని పిండిని మనకు మిగిల్చిన మెఱుగు.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి, నూఱు గ్రాములలో పీచు సుమారుగా ఇట్లుండును: తెల్లబియ్యము 3 గ్రాములు, ముడిబియ్యము 4½, జొన్నలు 10, రాగులు 11, సజ్జలు 11½, గోధుమలు 11, కందిపప్పు 9, పొట్టుతో కందులు 23, పొట్టు పెసరపప్పు కాక పొట్టు తీసినది 9, నిండు పెసలు 17, సెనగపప్పు 15, నిండు సెనగలు 25, మునగాకు 8, తోటకూర 4½, జామపండు 8½. పొట్టు తీయుటవలన మనము పోగొట్టుకొనుచున్న దేమో ఈ అంకెలే చెప్పుచున్నవి.

ఇపుడు ఒక కంచము లెక్క చూతము. దినమునకు 400 గ్రాముల తెల్లబియ్యము, 40 గ్రాముల కందిపప్పు, కొంచెము కూర తినువానికి 18 గ్రాముల పీచు దొరకుట కష్టము. దానికి మాఱుగా 125 గ్రాముల జొన్నలు, 125 గ్రాముల ముడిబియ్యము, 50 గ్రాముల నిండు పెసలు, నూఱు గ్రాముల ఆకుకూర, నూఱు గ్రాముల బెండ లేక గోరుచిక్కుడు, ఒక జామపండు తినినచో 40 గ్రాములు దాటును. ఇందులో బజారున కొనవలసిన దేదియు లేదు. అన్నియు మన నేల పండించునవే.

ఆచరింపదగిన విధము

మొదటిది: ఒక్కదినమున అన్నియు మార్పవద్దు. ఎండిన చెఱువుకు వఱద వచ్చినట్లు పీచు ఒక్కసారిగా పెంచినచో కడుపుబ్బరము, వాయువు బాధించును. మొదటి వారము రాత్రి అన్నమునకు మాఱు జొన్నరొట్టె. తరువాతి వారము ఒక పూట నిండు పెసలు. ఇట్లు నెల రెండునెలలలో అలవాటు చేసికొనవలెను. నీరు బాగుగా త్రాగవలెను.

రెండవది: ముందు కూర, పప్పు సగము కంచము నింపి, పిదప సంగటియో అన్నమో పెట్టుకొనవలెను. కొఱ్ఱలు, రాగులు తినువారు ఎంతైనను తినవచ్చునను మాట మిక్కిలి ప్రమాదకరము. వానిలోను పిండిపదార్థమే యెక్కువ. హద్దు దాటిన అదియు చక్కెరయే.

మూడవది: గింజ యెంత మెత్తనైన అంత త్వరగా అఱగును. మెత్తని రాగిపిండితో కాచిన పలుచని జావ బలకరమే కాని, మధుమేహికి గట్టి సంగటియు, ముతకరవ్వతో వండినదియు మేలు. జావలో బెల్లము వేసిన, పీచువలన వచ్చిన మేలు బెల్లముతో పోవును. పండ్లను నమిలి తినవలెను. రసము పిండినచో పీచు పిప్పిలో మిగిలి, చక్కెర గ్లాసులోనికి వచ్చును.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఆహారము మందునకు తోడు మాత్రమే, మాఱు కాదు. మా యెఱుకలో నొకరు రాగిసంగటి మొదలుపెట్టి మాత్రలు మానివేసిరి. మూడు నెలలకు చూపు మసకబాఱి ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చినది. మఱియొకరు మాత్రలు వేసికొని, అన్నము బాగుగా తగ్గించి, ఎండలో కలుపు తీయుచు చెమటలు పట్టి వణకుచు గట్టుపై కూలిరి. రక్తములో చక్కెర మితిమీఱి తగ్గుటయు ప్రాణాపాయమే. అట్టివేళ స్పృహ యున్నచో వెంటనే చక్కెరనీరో బెల్లమో ఇయ్యవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలెను. కావున ఆహారము మార్చువారు ముందుగా వైద్యునితో చెప్పి, మందు మోతాదును ఆయనచేతనే సరిచేయించుకొనవలెను. పిల్లలకు వచ్చు మధుమేహములో ఇన్సులిన్ ఒక్కపూటయు మానరాదు. మూత్రపిండములు చెడినవారు పప్పులు, ఆకుకూరలు పెంచుటకు పూర్వము వైద్యుని తప్పక అడుగవలెను.

సంఘము చేయదగిన పని

కొఱ్ఱలు తినుడని చెప్పుట సులభము. వానిని దంచు చేతులు ఎవరివి? మన ఆడువారు రోలును వదలి వరిమరను ఆశ్రయించినది సోమరితనముచేత కాదు; నడుములు విఱుగుటచేత. మఱల వారినే రోటికడ నిలుపుట మా యుద్దేశము కాదు. చిఱుధాన్యముల పొట్టుతీయు చిన్నయంత్రములు నేడు దొరకుచున్నవి. ఒక్కరైతు కొనుట కష్టము; నూర్గురు సభ్యులు కూడిన సంఘమునకు అది భారము కాదు. అట్టిదానిని గిడ్డంగి ప్రక్కన పెట్టించుట మన మొదటి పని.

రెండవది, మన మరలో వరికి పొట్టు మాత్రము తీసి, మెఱుగుపట్టక ఇచ్చు ఏర్పాటు. వారమునకు ఒకదినము ఇందుకు కేటాయింపవచ్చును. ముడిబియ్యములో తవుటినూనె యుండుటచే నిలువయుంచిన మక్కువాసన వచ్చును. కావున పదిపదునైదు దినములకు చాలునంత మాత్రమే ఆడించుకొనవలెను. వండుటకు ముందు కొంతసేపు నానబెట్టినచో మెత్తగా ఉడుకును.

మూడవది, చేనిలో ఇంటికొక మూల. అమ్మకమునకు వరియు ప్రత్తియు వేయుడు, మేము కాదనము. కాని మెట్టలో అర ఎకరము కొఱ్ఱ వేసినచో ఒక కిలో విత్తనము చాలును. ఎనుబది యెనుబదియైదు దినములలో కోతకు వచ్చును. నీటి తడి యక్కఱలేదు. వరిమడి గట్లపై కంది నాటుడు. మాగాణిలో వరి కోయకముందే పెసరయో మినుమో చల్లుట మన డెల్టా రైతులు తరతరములుగా ఎఱిగిన విద్యయే. పెరటిలో ఒక మునగ, ఒక చిక్కుడు పాదు, ఒక జామ యుండిన కూరల బండికై ఎదురుచూడనక్కఱలేదు.

నాలుగవది, పరీక్ష. పరగడుపున తీసిన రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు లేక అంతకు మించియున్నచో, మఱల పరీక్షించి మధుమేహమని నిర్ణయింతురు. ముప్పది యేండ్లు దాటిన ప్రతిసభ్యుడును, సభ్యుని యింటి యాడువారును ఏటికొకమాఱైన పరీక్ష చేయించుకొనవలెను. విత్తుటకు ముందు మట్టిని పరీక్షకు పంపు రైతు, తన రక్తమును పరీక్షింపనీయక దాచుట వింత గాదా?

పెద్దయ్య ఈ తొలకరిలో బోరు ప్రక్కనున్న అర ఎకరములో కొఱ్ఱ చల్లిరి. మాత్రలు మానలేదు, దినమును పాదములు తుడిచి చూచుకొనుచున్నారు, చెప్పులు లేక చేనిలో దిగుట లేదు. మొన్న సంఘమునకు వచ్చినపుడు, "ఈమాఱు పంట చూడ మీరు రావలెను బాబూ, ప్రదర్శన క్షేత్రము నాదే" అనిరి. మేము పోయితిమి. కంకి బాగుగా తిరిగియున్నది. పదునైదేండ్ల క్రిందట ఆ చేనిలో మేము గురువులము. ఈనాడు శిష్యులమై తిరిగి వచ్చితిమి.

రాబోవు సర్వసభ్య సమావేశమున యంత్రమును గుఱించిన తీర్మానము చర్చకు రానున్నది. సభ్యులెల్లరు ఇంటివారితో ఆలోచించుకొని వచ్చి, తమ సమ్మతిని తెలుపవలెనని కోరుచున్నాము.